ట్రాలీ దానంతట అది బోల్తా పడదు

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



ఈ రోజు డిసెంబర్ 17. 1982లో ఇదే తేదీన నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు హక్కుగా రావలసినది అని చెప్పింది. దాని గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా వివరించారు. డీఏ బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి కూడా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను కూడా పెన్షన్ లెక్కల మీదే మాట్లాడమన్నారు. నేను ఒప్పుకోలేదు. ట్రాక్టరు ట్రాలీ గురించి మాట్లాడతానన్నాను. ఆయన ఒక నిమిషం నా మొహం చూసి, "పదిహేను నిమిషాలే సార్" అన్నారు. కొంచెం అటూ ఇటూ అయితే మన్నించండి.

ట్రాలీ ఎందుకంటారా? ఈ హాలులో ఉన్నవారిలో సగం మందికి పైగా రిటైరైన తర్వాత మళ్లీ పొలం దారి పట్టినవాళ్లే. మనం స్వయంగా దున్నకపోయినా, కొడుకో, తమ్ముని కొడుకో దున్నుతున్నాడు. ఇంటి ముందర ఒక ట్రాక్టరు, దానికో ట్రాలీ ఉంటుంది. ఆ ట్రాలీ కిందికి వంగి మనలో ఎంతమందిమి చూశాం? నేనైతే 2022 దాకా చూడలేదు. అది నా తప్పు. ఆ తప్పు గురించే ఈ ప్రసంగం.

నేను 1975లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2009లో సూపరింటెండెంటుగా దిగిపోయాను. మొదట గద్వాల తాలూకా ఆఫీసు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన తర్వాత ఎన్నో మండలాలు తిరిగాను. అప్పుడు మనది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబర్ 11న జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడేనాటికి నేను రిటైరై ఏడేళ్లయింది. సర్వీసులో చివరి పదేళ్లూ నా సీటుకు వచ్చిన కాగితాల్లో ఆపద్బంధు ఫైళ్లు ఎక్కువ. మీలో రెవెన్యూలో చేసినవారికి తెలుసు. ఎఫ్ఐఆర్ నకలు, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, తెల్ల రేషన్ కార్డు, వారసుల వాంగ్మూలం. అన్నీ ఉన్నాయా లేవా చూసి, నోటు రాసి, పైకి పంపాలి. ఒక్క కాగితం తక్కువైనా ఫైలు వెనక్కి వచ్చేది.

ఆ నోటులో నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేని వాక్యం ఒకటుంది: "ప్రమాదవశాత్తు ట్రాక్టరు ట్రాలీ బోల్తా పడి మరణించినాడు." అంతే. ట్రాలీ బోల్తా పడింది, ఎండకు ఎండినట్టు, వానకు తడిసినట్టు. ఎందుకు పడింది అన్నది నా ఫారంలో లేదు. లేని గడిని నేను నింపలేదు. నా పని కాగితాలు సరిగా ఉన్నాయా లేవా చూడటం. అది నేను సరిగానే చేశాను. ఇప్పుడు తలచుకుంటే మాత్రం, వచ్చినవాళ్లను "పిన్ను ఊడిందా? టైరు పోయిందా? ఎంత బరువు వేశారు?" అని ఒక్కసారి కూడా అడగలేదే అనిపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మాది ధరూర్. గద్వాల నుంచి రాయచూరు పోయే దారిలో ఉన్న ఊరు. రేవులపల్లి దగ్గర జూరాల డ్యాం 1995లో ప్రారంభమైన తర్వాత మా వైపు సేద్యం రూపమే మారిపోయింది. వరి వచ్చింది, దాని వెంట సీడ్ పత్తి పెరిగింది. సీడ్ పత్తిలో సాళ్లు ఎడం. ఆడ, మగ మొక్కలు వేరువేరుగా వేసి, చేత్తో పూలు దాటించే పని. సాళ్ల మధ్య కలుపు తియ్యడానికి వెనక ఎద్దుల గుంటక ఉండేది. ఎద్దులు తగ్గిపోయాయి. వాటి బదులు చిన్న ట్రాక్టర్లు వచ్చాయి. సన్నగా సాళ్ల మధ్య దూరిపోతాయి. మా తమ్ముని కొడుకు ఒకటి కొన్నాడు. రెండు మూడు ఊళ్లలో కిరాయికి కూడా తోలుతున్నాడు.

చిన్న ట్రాక్టరును తారురోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు నడపడం దండగ. టైర్లు అరుగుతాయి, డీజిలు కాలుతుంది, పొద్దు పోతుంది. అందుకని పెద్ద ట్రాక్టరు వెనక ట్రాలీ కట్టి, ట్రాలీలో చిన్న ట్రాక్టరును ఎక్కించుకుని పోతారు. మా ఇంట్లో ఉన్న ట్రాలీ మా తమ్ముడు 1989లో పల్లికాయ తోలడానికి కొన్న రెండు చక్రాల ట్రాలీ. పల్లికాయ, ఎరువు బస్తాలు, ఇసుక, రాయి, పెండ్లి సామాను, అన్నీ మోసింది. దాని మీదికి ఇప్పుడు ట్రాక్టరు ఎక్కింది.

ఒకసారి నేను అడిగాను కూడా, "ఆగుతుందా రా ఇది?" అని. వాడు నవ్వి, "ఏంగాదు పెద్నాయన, ఇంతకంటే ఎక్కువ బరువు ఇసుకనే మోసింది గద" అన్నాడు. మాట నిజమే. కానీ ఇసుక ట్రాలీ అంతా పరచుకుని కూర్చుంటుంది. ట్రాక్టరుకు చక్రాలున్నాయి, దొర్లుతుంది. దాని బరువు ఒక్కచోట ఉంటుంది. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

2022 వానాకాలం. సాయంత్రం ఆరు దాటింది. ట్రాలీలో చిన్న ట్రాక్టరు, దాని వెనక రోటవేటర్. ముందు ఇరుసుకు నైలాన్ మోకు ఒకటి కట్టి, ట్రాలీ ముందు పలకకు చుట్టారు. చిన్న ట్రాక్టరు సీటు మీద ఒక పిల్లవాడు కూర్చున్నాడు. మా పొలంలో పనిచేసే ఆయన కొడుకు. ఇంటర్ మొదటి సంవత్సరం. సీటు ఖాళీగా ఉంది, కూర్చున్నాడు. ఎవరూ వద్దనలేదు. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు ఎత్తుకు లేస్తుంది. అక్కడ మోకు సాగింది. చిన్న ట్రాక్టరు అడుగో, అడుగున్నరో వెనక్కి జారింది. ట్రాలీ వెనక భాగం కిందికి కుంగింది. ముందు డ్రాబార్ పైకి లేచింది. పిన్నుకు కింద కొక్కెం లేదు, బైండింగ్ వైరు చుట్టి ఉంది. వైరు తెగింది, పిన్ను ఎగిరిపోయింది. ట్రాలీ తెగిపోయి వెనక్కి దొర్లి, రోడ్డు పక్క గుంతలోకి ఒరిగింది.

పిల్లవాడు పక్కకు పడ్డాడు. తొడ ఎముక విరిగింది. కర్నూలు తీసుకుపోయాం. రాడ్డు వేశారు. నాలుగు నెలలు కాలేజీ పోయింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్ల నాయన నా పక్కన కూర్చుని, "దేవుడు సల్లగ చూసిండు సార్, మీరు రంది పెట్టుకోకుండ్రి" అని నాకే ధైర్యం చెప్పాడు. ట్రాలీ ఇంకొక వైపు ఒరిగి ఉంటే, మరునాడు ఏదో ఒక ఆఫీసులో ఒక గుమాస్తా నేను రాసిన ఆ వాక్యమే రాసేవాడు. ఈసారి కారణం నాకు తెలుసు. దాని ధర ఐదు రూపాయల వైరు.

ఇంటికి వచ్చిన తర్వాత, "ట్రాలీ అమ్మేద్దాం" అన్నాడు మావాడు. అమ్మితే కొన్నవాడు దాన్నే వాడతాడు. గుంత మన దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి పోతుంది, అంతే. నా పెన్షన్ లోంచి ఖర్చు పెట్టి దీన్ని బాగు చేయిస్తాను, బాగుపడేది కాకపోతే ఇనుము కింద తూకానికి వేస్తాను అన్నాను. మొత్తం 46 వేలు అయింది. కొత్త ట్రాలీ అయితే దానికి ఎన్నో రెట్లు.

మొదట చేసిన పని వెల్డింగ్ కాదు, తూకం. ముప్పై నాలుగేళ్లు అంకెలతో బతికినవాణ్ణి, నాకు తెలిసిన విద్య అదొక్కటే. పత్తి మిల్లు దగ్గర వే బ్రిడ్జికి పోయాం. ప్రమాదం నాడు ఎట్లా ఎక్కించారో అట్లాగే చిన్న ట్రాక్టరును ఎక్కించి పెట్టమన్నాను. పెద్ద ట్రాక్టరు ఒక్కటే తూచితే 2,050 కిలోలు. అన్నీ కలిపి తూచితే 3,970. అంటే సరుకుతో సహా ట్రాలీ 1,920. అందులో ఖాళీ ట్రాలీ 820, చిన్న ట్రాక్టరు 860, రోటవేటర్ 240.

తర్వాత పెద్ద ట్రాక్టరును కాంటా దాటించి నిలబెట్టి, హుక్కు విప్పకుండా, ట్రాలీ చక్రాలు రెండే కాంటా మీద ఉండేటట్టు తూచాం. 1,880 వచ్చింది. అంటే 1,920 లో 1,880 చక్రాల మీదనే ఉంది. హుక్కు మీద పడుతున్నది 40 కిలోలు. వందకు రెండు! ఇట్లాంటి రెండు చక్రాల బండికి వందకు పది నుంచి పదిహేను దాకా హుక్కు మీద ఉంటే బండి నిలకడగా వస్తుంది. మరీ తక్కువైతే తోక ఊగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు భాగం లేస్తుంది. మరీ ఎక్కువైతే లాగే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పట్టు తప్పుతుంది.

మా ట్రాలీకి ఇరుసు నుంచి హుక్కు దాకా 2.8 మీటర్లు. 1,100 కిలోల సరుకు ఒక అడుగు వెనక్కి జరిగితే, హుక్కు మీద దాదాపు 120 కిలోలు తగ్గుతుంది. ఉన్నదే 40. మిగతా 80 కిలోలు హుక్కును పైకి లేపుతుంది. కాగితం మీద ఈ లెక్క వేసి మావాడికి చూపించాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గింతేనా పెద్నాయన, ఒక్క అడుగేనా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా 46 వేలూ వచ్చేశాయనుకున్నాను.

మందు కూడా ఆ లెక్కలోనే ఉంది. చిన్న ట్రాక్టరుకు బరువంతా వెనక ఉంటుంది. రోటవేటర్ తగిలిస్తే మరీనూ. దాన్ని ముందుకు నడిపి ఎక్కిస్తే ఆ బరువు ట్రాలీ తోక మీదికి వస్తుంది. అదే రివర్సులో ఎక్కిస్తే బరువు ట్రాలీ ముందు వైపుకు పోతుంది. అట్లా ఎక్కించి, కొంచెం కొంచెం జరుపుతూ మళ్లీ తూచాం. మొదటి రోజు కంటే బరువు మధ్యభాగం మూరెడు పైన ముందుకు వచ్చేసరికి చక్రాల మీద 1,670, హుక్కు మీద 250 కిలోలు వచ్చింది. వందకు పదమూడు. చక్రాలు ఎక్కడ ఆగాయో అక్కడ సుద్దతో గీత గీసి, తర్వాత అదే గీత మీద అడ్డంగా ఛానల్ ముక్క వెల్డింగ్ చేయించాను. ఇప్పుడు ఎవరు ఎక్కించినా చక్రం ఆ అడ్డకు తగిలి ఆగుతుంది. డ్రైవరు జ్ఞాపకం మీద ఆధారపడే పని లేదు.

ఇక గద్వాలలో వెల్డింగ్ షాపు. అక్కడి ఉస్తాద్ మంచి పనివాడు. నాకంటే పదేళ్లు చిన్న. ట్రాలీని ఒకసారి చుట్టి చూసి, "రెండు పట్టీలు కొడితే ఐపోతది సార్" అన్నాడు. నేను పెయింటు గీకించమన్నాను. డ్రాబార్ వచ్చి ఛాసిస్‌కు కలిసేచోట, మూడు పొరల పెయింటు కింద జానెడు పగులు బయటపడింది. మూడుచోట్ల పాత వెల్డింగులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. సుత్తితో కొడితే తుప్పు పెచ్చులు రాలాయి. తుప్పు పట్టిన రేకు మీద వెల్డింగు పైకి నున్నగా కనిపిస్తుంది కాని లోపల పట్టు ఉండదు. అది ఉస్తాద్‌కు నాకంటే బాగా తెలుసు. అయినా రైతు దగ్గర పైసలుండవని, అడిగినంత మేరకే చేస్తారు. పాతది కోసి పారేసి, 100 కి 50 సైజు కొత్త ఛానల్ తో డ్రాబార్ మొత్తం చేయించాను. రెండో రోజు ఆయన, "సార్, మీరు ఆఫీసుల గూడ గిట్లనే సతాయిస్తుంటిరా?" అని అడిగాడు. అక్కడ సతాయించలేదు కాబట్టే ఇక్కడ సతాయిస్తున్నాను అని చెప్పలేదు. టీ తెప్పించాను.

కమాన్లలో ఒకవైపు ఒక పట్టీ విరిగి ఉంది. ఒక్కటే మార్చితే ట్రాలీ ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని రెండు వైపులా సెట్లు మార్చి, యూ బోల్టులు కొత్తవి వేయించాం. జాకీ మీద లేపి, చక్రాన్ని పైన కింద రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడండి. టకటకమంటే బేరింగు వదులైనట్టు. మా ట్రాలీకి కుడిచక్రం అట్లా ఊగింది. విప్పితే గ్రీజు అన్నది లేదు, నల్లటి మట్టి ఉంది. టైర్లు 9.00–16 సైజు. మేకు కనిపిస్తుంది, అరుగుదల కనిపిస్తుంది. పక్కగోడల్లో ఎండకు వచ్చిన సన్నటి పగుళ్లను మాత్రం ఎవరూ చూడరు. ఆ రెండూ తీసేశాం. రబ్బరుకు కూడా వయసుంటుంది, మనలాగే.

హుక్కు సంగతి మళ్లీ చెప్తాను, విసుక్కోకండి. పిన్ను రంధ్రానికి సరిపోయే మందం ఉండాలి. సన్నటి పిన్ను కుదుపుకు కుదుపుకు రంధ్రాన్ని కోడిగుడ్డులాగా సాగదీస్తుంది. పిన్ను కింద స్ప్రింగు కొక్కెం ఉండాలి. వైరు, మేకు, పుల్ల, ఇవేవీ కావు. ఇవన్నీ ఉన్నా పిన్ను పోవచ్చు. కాబట్టి డ్రాబార్ కింది నుంచి రెండు గొలుసులు అడ్డదిడ్డంగా, ఎడమది కుడికి, కుడిది ఎడమకు, పెద్ద ట్రాక్టరుకు తగిలించాలి. పిన్ను పోయినా డ్రాబార్ నేలమీద గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. ఈ గొలుసులు, కొక్కెం కలిపి నాకు పద్దెనిమిది వందలు అయింది. ఆ రోజు ఇవి ఉంటే ట్రాలీ గుంతలోకి పోయేదే కాదు.

ఎక్కించడం దగ్గర కొంచెం ఆగుతాను. ఇంటి పెద్దగా మనం పక్కన నిలబడి చెప్పగలిగేది ఇక్కడే. మా ట్రాలీ నేల మూడడుగుల ఎత్తు. మావాళ్లు ఆరడుగుల పలకలు రెండు వేసి ఎక్కించేవారు. మూడడుగుల ఎత్తుకు ఆరడుగుల పలక అంటే ముప్పై డిగ్రీల వాలు. దాని మీద ముందుకు ఎక్కిస్తే ముందు చక్రాలు లేచి, ట్రాక్టరు డ్రైవరు మీదికే వెనక్కి తిరగబడవచ్చు. పలక పొడుగు, ఎత్తుకు కనీసం నాలుగు రెట్లు ఉండాలని నేను పెట్టుకున్న లెక్క. అంటే పన్నెండడుగులు. అంత పొడుగు ఇనుప పలకలు మోసేదెవరు? అందుకని పలకలు ఎనిమిది అడుగులు చేయించి, ఇంటి దగ్గర ట్రాలీ చక్రాలు నిలిచేచోట అడుగు లోతు వాలు గుంత తవ్వించాను. ట్రాలీ అడుగు దిగితే ఎత్తు రెండడుగులే. రెండుకు ఎనిమిది, నాలుగు రెట్లు సరిపోయింది. పొలాల దగ్గర అయితే గట్టు వెతుక్కుని, గట్టు ఎత్తుకు ట్రాలీని ఆనించి ఎక్కిస్తారు. అది ఇంకా మేలు. కాలువ కట్ట మాత్రం వద్దు, అంచు తెగుతుంది.

పలకల మీద అడ్డంగా సన్నటి యాంగ్లర్లు వేయించాను, చక్రానికి పట్టు దొరకడానికి. పలక పై కొసకు కొక్కేలు పెట్టించాను, ట్రాలీ అంచుకు తగులుకుని జారకుండా. మన నల్లరేగడి టైరుకు అంటుకుంటే సబ్బులాగా జారుతుంది. గీకి ఎక్కించాలి. ఇంకొకటి. రెండు చక్రాల ట్రాలీ వెనక అంచు మీద ట్రాక్టరు బరువు పడగానే తోక కుంగి, ముందు లేస్తుంది. కాబట్టి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ట్రాలీ పెద్ద ట్రాక్టరుకు తగిలించే ఉండాలి, వెనక రెండు మూలల కింద ఆసరా కాళ్లు పెట్టాలి. మాకు మడతపడే కాళ్లు రెండు ఉస్తాద్ చేసి ఇచ్చాడు. పలకల పక్కన, వెనక ఎవ్వరూ నిలబడకూడదు. "రా రా, ఇటు, ఇటు" అని చేతులూపేవాళ్లు నలుగురు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను దూరంగా పంపడమే నా ఉద్యోగం ఇప్పుడు.

ఎక్కించిన తర్వాత రోటవేటర్‌ను ట్రాలీ నేల మీదికి దించేయాలి. గాలిలో వేలాడనివ్వకూడదు. బ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా మొద్దులు పెట్టాలి. కట్టడానికి మోకు వద్దు. వానకు తడిసి ఎండితే నైలాన్ మోకు ఎంత సాగుతుందో ఎవరూ చెప్పలేరు. నాలుగు మూలలా నాలుగు గొలుసులు, బిగించడానికి టర్న్ బకిల్. రెండు ముందుకు లాగాలి, రెండు వెనక్కి లాగాలి, అన్నీ కిందికి లాగాలి. ఇరుసుకో, గట్టి ఛాసిస్‌కో తగిలించాలి గాని స్టీరింగు కడ్డీకి, హైడ్రాలిక్ చేతులకు కట్టకూడదు. గొలుసు మీదనో, బెల్టు చీటీ మీదనో అది ఎంత బరువుకు పనికివస్తుందో రాసి ఉంటుంది. అమెరికాలో లారీల రూలు ప్రకారం కట్టిన సామాను పట్టు అంతా కలిపి సరుకు బరువులో సగానికి తగ్గకూడదు. మన 1,100 కిలోలకు అది 550. నేను దానికి మూడు రెట్లకు పైగా పెట్టాను. అన్నిటికంటే ముఖ్యం, బయలుదేరిన రెండు మూడు కిలోమీటర్ల తర్వాత ఆగి, దిగి, మళ్లీ బిగించాలి. మొదటి కుదుపులకే గొలుసు సర్దుకుని వదులవుతుంది. మావాడు ఇప్పుడు అడగకుండానే ఆగుతున్నాడు. ఒక్కొక్కసారి ఆగి నాకు ఫోను చేస్తాడు, "బిగించిన పెద్నాయన" అని.

మా ట్రాలీకి బ్రేకులు లేవు. మనవైపు చాలావాటికి లేవు. బ్రేకు లేని ట్రాలీ, లాగే ట్రాక్టరును వెనక నుంచి తోస్తుంది. అందుకని సరుకుతో కలిపి ట్రాలీ బరువు, లాగే ట్రాక్టరు బరువును మించకూడదని పెట్టుకున్నాం. మాది 2,050 కి 1,920, అంచు మీదనే ఉంది. ఇంకేమైనా సామాను ఉంటే ఇంకో ట్రిప్పు. ఎక్కువ వేగం వద్దు. వేగం రెండింతలైతే ఆపడానికి పట్టే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. మరొక మాట, పెద్ద ట్రాక్టరుకు బ్రేకు పెడల్లు రెండుంటాయి. పొలంలో మలుపు తిప్పడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే చిన్న కొక్కెం వేయాలి. వేయకుండా రోడ్డు మీద ఒక్కటే తొక్కితే ట్రాక్టరు ఆ పక్కకు తిరుగుతుంది, వెనక ట్రాలీ అడ్డం తిరుగుతుంది. ఇంటికి పోగానే మీ ట్రాక్టరుకు ఆ కొక్కెం ఉందో, తుప్పుపట్టి బిగుసుకుపోయిందో చూడండి. మాది బిగుసుకుపోయే ఉంది.

వెనక ఎర్ర మెరుపు టేపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు. రాత్రి రోడ్డు పక్కన నిలిపిన ట్రాలీని గుద్దుకునే మోటారు సైకిళ్ల సంగతి నేను చెప్పనక్కరలేదు. ఆ ఫైళ్లు కూడా నేను రాశాను.

ఇక మనుషుల సంగతి. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది పోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టరు ట్రాలీ పడి 15 మంది పోయారు. ఎక్కువమంది నాట్లకో, కలుపుకో పోయే ఆడవాళ్లే. ట్రాలీ సామాను కోసం చేసింది. అందులో మనిషి కూర్చోవడానికి చోటు లేదు, పట్టుకోవడానికి లేదు. మా ట్రాలీలో ఇప్పుడు ఎవరినీ ఎక్కించుకోం. చిన్న ట్రాక్టరు సీటు మీద అసలే కాదు. దీనికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. "కూలోళ్లు నడిచి వస్తరా?" అన్నారు. ఆటో మాట్లాడుతున్నాం. ఆ కిరాయి మాకు బరువే, అబద్ధం చెప్పను.

చట్టం మాట ఒక్కటి చెప్పి ముగిస్తాను. గుమాస్తా బుద్ధి, ఊరుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం ట్రాలీకి కూడా వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అందుకే మేము పొడుగు, వెడల్పు, ఇరుసు మార్చలేదు. పాతదాని స్థానంలో అదే కొలతకు గట్టిది వేశాం. పలకలు విడిగా తీసి పెట్టేవి. పని మొదలుపెట్టక ముందే పత్రాలు పట్టుకుని ఆఫీసుకు పోయి అడిగి వచ్చాను. మూడుసార్లు తిరిగాను. కిటికీ అవతల కూర్చున్న కుర్రవాడు "రేపు రండి" అన్నప్పుడు కోపం రాలేదు. నేనూ ఆ మాట ఎందరికో చెప్పినవాణ్ణే.

ఆ పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. వాన పడే ముందు కాలు నొస్తుందంటాడు. ట్రాలీ పని పూర్తయిన రోజు వాణ్ణి పిలిచి చూపించాను. చుట్టూ తిరిగి, వంగి, పిన్ను కొక్కెం వేసి తీసి చూశాడు. తర్వాత గొలుసులు లాగి చూశాడు.

ట్రాలీని ఈ రోజు తెప్పించాను. హాలు వెనక వేపచెట్టు కింద ఉంది, చిన్న ట్రాక్టరు కట్టే ఉంది. భోజనాలైన తర్వాత రండి. మోకాళ్లు సహకరించేవాళ్లు కిందికి వంగి చూడండి. సహకరించనివాళ్లకు ఒక చిన్న పీట కూడా తెచ్చాను. కొలతలు, తూకాలు కాగితం మీద రాసి ఉన్నాయి, జిరాక్సులు నలభై తీయించాను. కార్యదర్శి గారు రెండుసార్లు గడియారం చూశారు. సెలవు తీసుకుంటాను.